బండి బడి: నిలబడిన బండిని చూసి కొనండి

ఈ నెల సంచిలో సగానికి పైగా ఉత్తరాలది ఒకటే గోల: "మొదటి స్కూటర్ కొనాలి, ఏది కొనాలి?" అందుకని నల్లగొండ నుంచి వచ్చిన ఒక ఉత్తరానికి చోటు ఎక్కువ ఇచ్చాను. మిగతావాళ్లు నొచ్చుకోకండి, మీ ప్రశ్నల్లో చాలావాటికి జవాబు అందులోనే ఉంది.

ఈ శీర్షిక కొత్తగా చదువుతున్నవాళ్లకు ఒక మాట. నేను మెకానిక్‌ను కాదు. ప్రభుత్వ హైస్కూళ్లలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. నలభై ఆరో ఏట బండి నేర్చుకున్నాను. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో మా ఇంటి వెనక ఉన్న వెంచర్ రోడ్ల మీద, పొద్దున ఆరింటికి, ఆడవాళ్లకు నేర్పుతున్నాను. ప్లాట్లు అమ్ముడుపోవడం లేదని ఆ వెంచర్ ఆసామి దిగులు. అవి అమ్ముడుపోతే మా బడి ఎక్కడికి మార్చాలా అని నా దిగులు.

*

నమస్కారం టీచరమ్మా. మాది నల్లగొండ, ఇల్లు పానగల్లులో. క్లాక్ టవర్ దగ్గర ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. వయసు 37, ఎత్తు ఐదడుగులు. ఆటోకు రోజుకు అరవై రూపాయలు అవుతుంది, అదీ వేళకు దొరకదు. బండి కొందామంటే మా వారు "125 సీసీ అయితే రేపు ఇద్దరం ఎక్కినా లాగుతుంది" అంటారు. మా తమ్ముడు ఎలక్ట్రిక్ తప్ప ఇంకోటి వద్దంటాడు. షోరూమ్ అబ్బాయి మైలేజీ లెక్కలు చెబుతాడు. నాకు సైకిల్ కూడా రాదు. ధర లక్ష దాటకూడదు. ఏది కొనమంటారు?
పేరు వద్దన్న పాఠకురాలు, నల్లగొండ

అమ్మా, మీ వారు చెప్పేది పరుగెత్తే బండి గురించి. మీ తమ్ముడూ, షోరూమ్ అబ్బాయీ చెప్పేదీ పరుగెత్తే బండి గురించే. మొదటి బండి కొనేవాళ్లు చూడాల్సింది నిలబడిన బండిని. వేగంగా వెళ్లే బండి తన నిలకడ తనే చూసుకుంటుంది. ఆగిన బండిని మోయాల్సింది మీరు.

ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. నా మొదటి బండిని మా మరిది ఎంచాడు. పెద్దది, బరువైనది, ఆయనకు చక్కగా అమరింది. కొన్న పదకొండో రోజు టీడీ గుట్ట రైల్వే గేటు పడింది. ముందు ఆటో, వెనక కారు. ఎడమ కాలు దించాను. అక్కడ నేల లేదు, చిన్న గుంట. గుంట లోతు నాలుగు వేళ్లు ఉంటుందేమో, అంతే. బండి ఎడమకు వాలింది. పట్టుకుందామని కుడి చేత్తో హ్యాండిల్ బిగించి లాగాను. లాగిన చెయ్యి ఎక్సలరేటర్ మీదే ఉందన్న సంగతి నాకు గుర్తు లేదు, బండికి గుర్తుంది. అది ముందుకు దూకి ఆటో వెనక చక్రానికి ముద్దు పెట్టి పడుకుంది. అద్దం పగిలింది, బ్రేకు లివరు వంగింది, నా బొటనవేలు గోరు ఊడింది. బుట్టలోని టమాటాలు పట్టాల దాకా దొర్లాయి. నా దగ్గర ఏడో తరగతి చదివిన పిల్లాడు ఒకడు వచ్చి బండి లేపి, "టీచర్, గురుత్వకేంద్రం" అన్నాడు. వాడికి అప్పట్లో ఎన్ని మార్కులు వేశానో గుర్తు లేదు గానీ, ఆ రోజు నూటికి నూరు వేయాల్సింది.

ఇంటికి వచ్చి కాలికి కట్టు కట్టుకుని లెక్క వేశాను. 105 కిలోల బండి పక్కన నిలబడి హ్యాండిల్ పట్టుకున్నారనుకోండి. ఐదు డిగ్రీలు వాలితే చేతుల మీద పడే బరువు సుమారు నాలుగైదు కిలోలు. పిల్లలైనా ఆపగలరు. ముప్పై డిగ్రీలు వాలిందా, పాతిక కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తాను చాచిన చేతులతో పట్టుకున్నట్టు. ఇక ఆపలేరు, ఆపబోతే నడుము పడుతుంది. అప్పుడు వదిలేసి పక్కకు జరగడమే తెలివి. కాబట్టి బండి ఎంచుకోవడంలో అసలు సంగతి ఒకటే: వాలడం మొదలైన తొలి అయిదు డిగ్రీల్లోనే మీ పాదం నేల మీద గట్టిగా ఆనాలి.

షోరూమ్‌కు వెళ్లేటప్పుడు పండుగ చీర కట్టుకుని, మడమ ఎత్తు చెప్పులు వేసుకుని వెళ్లకండి. రోజూ ఆఫీసుకు వేసుకునే బట్టలతో, ఆ చెప్పులతోనే వెళ్లండి. బండిని స్టాండు మీంచి దించి ఎక్కి కూర్చోండి. కాగితం మీద సీటు ఎత్తు చాలా బండ్లకు 760 నుంచి 775 మిల్లీమీటర్ల మధ్యే ఉంటుంది, ఆ అంకె చూసి మురిసిపోనక్కర లేదు, బెంగపడనక్కరా లేదు. సీటు ముందు భాగం వెడల్పుగా ఉంటే తొడలు విడిపోయి కాలు పొట్టి అవుతుంది, సన్నగా ఉంటే అదే ఎత్తులో కాలు కిందికి దిగుతుంది. ఐదడుగుల మనిషికి రెండు మడమలూ ఆనే బండి దొరకడం కష్టం. రెండు పాదాల ముందు సగం పూర్తిగా ఆనితే చాలు. వేలి కొసలు మాత్రమే తగులుతుంటే ఆ బండి ఎంత ముద్దుగా ఉన్నా దిగి రండి.

రెండో పరీక్ష సెంటర్ స్టాండు. దీనికి షోరూమ్‌లో ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి "మేడం, మేం వేస్తాం" అంటారు. వాళ్లు మీ ఇంటికి రారు కదా, మీరే వేయండి. బండికి ఎడమ పక్క నిలబడి, ఎడమ చేత్తో హ్యాండిల్, కుడి చేత్తో సీటు వెనక ఉన్న కడ్డీ పట్టుకోవాలి. కుడి పాదంతో స్టాండును కిందికి తొక్కి, దాని రెండు కాళ్లూ నేలకు తగిలాయని చప్పుడు వినాలి. ఆ తర్వాత చేతులతో ఎత్తకూడదు. స్టాండు మీద నిలబడబోతున్నట్టు మీ ఒంటి బరువంతా ఆ పాదం మీద వేయాలి. బండి దానంతట అదే వెనక్కి ఎక్కి కూర్చుంటుంది. దమ్ము కంటే కిటుకు ఎక్కువ ఉన్న పని ఇది. మూడు ప్రయత్నాల్లో రాకపోతే ఇంకో బండి చూడండి.

మూడోది ఎవరూ చేయని పరీక్ష. మన ఊళ్లలో ప్రతి షోరూమ్ ముందూ మోరీ మీద ఒక సిమెంటు ర్యాంపు ఉంటుంది. ఇంజను ఆపి, బండిని ఆ ర్యాంపు మీదికి వెనక్కి లాగండి. క్లాక్ టవర్ దగ్గర రెండు బండ్ల మధ్య ఇరుక్కున్న మీ బండిని సాయంత్రం ఐదున్నరకు తీయాల్సింది ఇలాగే. ఇంజను ఆపి అన్నాను, గుర్తుంది కదా. బండిని తోసేటప్పుడు, లాగేటప్పుడు తాళం ఆఫ్‌లో ఉంచడం నా విద్యార్థినులకు నేను నేర్పే మొదటి అలవాటు. టీడీ గుట్ట పాఠం అది.

ఇక 125 సంగతి. మీ వారి మాట తప్పు కాదు, మీ అవసరానికి అంత శక్తి అక్కర లేదు, అంతే. 110 సీసీ స్కూటర్ల శక్తి ఎనిమిది హార్స్‌పవర్‌కు అటూ ఇటూ, 125వి ఎనిమిదిన్నరకు అటూ ఇటూ. ఇద్దరు పెద్దవాళ్లు ఎక్కి ఫ్లైఓవర్ ఎక్కితేనో, నార్కట్‌పల్లి దాకా వెళ్తేనో ఆ తేడా తెలుస్తుంది. పానగల్లు నుంచి క్లాక్ టవర్‌కు తెలియదు. అయితే సీసీ పెరిగితే బరువు పెరుగుతుందనీ అనుకోకండి. యమహా ఫాసినో 125 సీసీ అయినా 99 కిలోలే, చాలా 110 బండ్ల కంటే తేలిక. కాబట్టి మీ వారిని నొప్పించకుండా ఇంట్లో సంధి కుదుర్చుకోవడానికి దారి ఉంది.

పేర్లు చెప్పమంటారు కాబట్టి చెబుతాను. హోండా యాక్టివా, టీవీఎస్ జూపిటర్, హీరో ప్లెజర్ ప్లస్, పైన చెప్పిన ఫాసినో, సుజుకీ యాక్సెస్. ఈ ఐదింటి మీదా కూర్చోండి. యాక్టివా 2001 నుంచి ఉంది, ఏ ఊళ్లో ఆగినా దాని కడుపు విప్పగల మనిషి దొరుకుతాడు, పాతబడ్డాక అమ్మినా ధర పలుకుతుంది. కొత్త జూపిటర్‌లో పెట్రోలు ముందు వైపు పోస్తారు, సీటు ఎత్తే పని లేదు, కూరగాయల సంచి దించే పని లేదు. పైగా దానికి రెండు చక్రాలూ పన్నెండు అంగుళాలవి. యాక్టివా 110కి ముందు పన్నెండు, వెనక పది. గుంటల రోడ్డు మీద చక్రం పెద్దదైతే నడుముకు మేలు. ఈ సుగుణాలన్నీ రెండో మెట్టు. పాదం ఆనిందా, స్టాండు పడిందా, ర్యాంపు ఎక్కిందా అన్నవి మొదటి మెట్టు. మూడింట్లోనూ నెగ్గిన బండి ఏదైతే అదే నా సలహా. నాకు ఏ కంపెనీ మీదా మోజు లేదు.

మైలేజీ గురించి ఒక్క లెక్క. మీరు రోజుకు పది కిలోమీటర్లు, నెలకు ఇరవై ఆరు రోజులు తిరుగుతారనుకుందాం, మొత్తం 260 కిలోమీటర్లు. లీటరుకు 50 ఇచ్చే బండికి 5.2 లీటర్లు కావాలి. 45 ఇచ్చే బండికి 5.8 లీటర్లు. తేడా అర లీటరు పైచిలుకు, అంటే సుమారు అరవై రూపాయలు. ఆటోకు రోజు అరవై పెట్టినవాళ్లు, నెలకు అరవై కోసం కాలు ఆనని బండి కొనుక్కోకూడదు.

మీ తమ్ముడి మాటలో బలం ఉంది. తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు 31 డిసెంబరు 2026 దాకా మినహాయించారు. మీ తిరుగుడుకు నెలకు పది పన్నెండు యూనిట్ల కరెంటు సరిపోతుంది. శబ్దం లేదు, ఆయిల్ మార్చే పని లేదు. కానీ మూడు ప్రశ్నలు. ఇల్లు సొంతమా, కింద బండి పెట్టే చోటే ప్లగ్గు ఉందా? అద్దె ఇంటి మొదటి అంతస్తు నుంచి వైరు వేలాడదీసి చార్జింగ్ పెట్టాలనుకుంటే వద్దు. సర్వీసు సెంటరు నల్లగొండలోనే ఉందా, హైదరాబాద్ పొమ్మంటారా? మూడోది బరువు. కొన్ని ఎలక్ట్రిక్ బండ్లు 130 కిలోల దాకా ఉంటాయి. పైగా అవి ఆగి ఉన్నప్పుడు శబ్దం చేయవు కాబట్టి, ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో కొత్తవాళ్లకు తెలియదు. హ్యాండిల్ మీద చెయ్యి వేసి పక్కింటావిడతో కబుర్లు చెబుతూ గోడను గుద్దిన ఒకావిడ నా బడిలోనే ఉంది. కొంటే మాత్రం, మన ఎండలు తెలిసినవే కదా, మధ్యాహ్నం వచ్చీ రాగానే చార్జింగ్ పెట్టకండి. నీడలో గంటసేపు చల్లారనివ్వండి.

బిల్లు దగ్గర మెత్తబడకండి. 350 సీసీ లోపు ద్విచక్ర వాహనాల మీద జీఎస్టీ 22 సెప్టెంబరు 2025 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది, పాత ధరల కాగితం చూపిస్తే ఒప్పుకోకండి. కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. దాన్ని షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నిబంధన లేదు, బయట అడిగి పోల్చుకోండి. నాకు బండి అమ్మినవాళ్లు సీటు కవరు, మ్యాట్లు, చుట్టూ ఇనుప గార్డు, పైన ఏదో మెరుగు పూత అన్నీ కలిపి "యాక్సెసరీస్" అని ఒకే అంకె వేశారు. విడగొట్టి రాయమంటే కంప్యూటర్ ఒప్పుకోదన్నారు. మీరు కంప్యూటర్ ఆపరేటరే కదా, మీతో ఆ మాట అనలేరు. ఆ ఇనుప గార్డు నాలుగైదు కిలోలు తూగుతుంది. బండి పెయింటును కాపాడుతుంది నిజమే, ఆ బరువును రోజూ మోసేది మాత్రం మీరు.

సైకిల్ రాదన్నారు. అది సిగ్గుపడే సంగతి కాదు, కానీ బండి కంటే ముందు తీరాల్సిన బాకీ. నేను ఇలా చేయిస్తాను. పిల్లల సైకిల్ ఒకటి తీసుకుని, సీటు అంతా కిందికి దించి, పెడళ్లు ఊడదీయించండి. కొంచెం వాలుగా ఉన్న ఖాళీ రోడ్డు మీద రెండు కాళ్లతో నేలను తోసుకుంటూ వెళ్లండి. మొదటి రోజు బాతు నడకే. మూడో రోజు, నాలుగో రోజు కాళ్లు గాల్లోనే ఉండిపోయి సైకిల్ ఇరవై అడుగులు దానంతట అదే వెళ్తుంది. ఆ క్షణం ముఖంలో కనబడుతుంది, ఎవరూ చెప్పనక్కర లేదు. అది వచ్చాక స్కూటర్‌ను ఇంజను ఆపి అదే వాలులో జార్చండి, రెండు బ్రేకులూ కలిపి నొక్కి ఆపడం అలవాటు చేసుకోండి. 125 సీసీ దాకా ఉన్న కొత్త బండ్లలో ఎడమ లివరు నొక్కితే ముందు చక్రానికీ కొంత బ్రేకు పడుతుంది. అయినా రెండూ నొక్కడమే అలవాటు కావాలి. ఆ తర్వాతే ఇంజను. ఈలోగా లెర్నర్ లైసెన్సుకు స్లాటు బుక్ చేసుకోండి. అది ఆరు నెలలు చెల్లుతుంది, తీసుకున్న ముప్పై రోజుల తర్వాత పక్కా లైసెన్సు పరీక్షకు వెళ్లవచ్చు. గేర్లు లేని బండి వరకు లైసెన్సు తీసుకుంటే చాలు, మీ వారి మోటార్ సైకిల్ మీద పరీక్ష ఇవ్వమని ఎవరైనా అంటే వినకండి.

*

మేడం గారికి నమస్కారం. మా అమ్మాయికి పదహారు నిండాయి, ఇంటర్ మొదటి సంవత్సరం. కాలేజీ మూడు కిలోమీటర్లు. పదహారేళ్లకే గేర్లు లేని బండికి లైసెన్సు ఇస్తారని విన్నాను. స్కూటర్ కొనవచ్చా?
ఒక తండ్రి, మిర్యాలగూడ

విన్నది సగం నిజం అయ్యా. పదహారేళ్లకు లైసెన్సు 50 సీసీ మించని, గేర్లు లేని బండికే, అదీ మీ సంతకం ఉంటేనే. షోరూముల్లో అమ్మే 110 సీసీ స్కూటర్ అందులోకి రాదు. పద్దెనిమిది నిండాల్సిందే. ఇప్పుడు కొనిచ్చి పట్టుబడితే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం శిక్ష పడేది మీకు: మూడేళ్ల దాకా జైలు, పాతిక వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. అమ్మాయికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. మూడు కిలోమీటర్ల కోసం ఇంత జూదమా?

250 వాట్ల మోటారు మించకుండా, గంటకు 25 కిలోమీటర్లు దాటని ఎలక్ట్రిక్ బండ్లకు లైసెన్సు అక్కర లేదు. అది చట్టబద్ధమే. కానీ కొందరు అమ్మేవాళ్లు "ఒక వైరు తీసేస్తే నలభై పోతుంది" అని రహస్యంగా చెబుతారు. ఆ వైరు తీసిన క్షణం నుంచి అది మోటారు వాహనమే, మీ కథ పై పేరాకు తిరిగి వస్తుంది. నా మాట వింటే మంచి సైకిల్ కొనండి. రెండేళ్ల తర్వాత స్కూటర్ నేర్చుకోవడానికి అదే సగం చదువు.

*

టీచర్ గారూ, నా వయసు 66. ముప్పై ఏళ్లు బజాజ్ చేతక్ నడిపాను. మోకాళ్ల నొప్పితో కిక్కు కొట్టలేక గేర్లు లేని బండి తీసుకున్నాను. నాలుగు రోజుల్లో మూడుసార్లు నడిరోడ్డు మీద బండి ఠక్కున ఆగింది. బండిలో లోపమా?
ఒక రిటైర్డ్ ఉద్యోగి, వనపర్తి

లోపం మీ ఎడమ చేతిలో ఉంది సార్. ముప్పై ఏళ్లు ఆ చెయ్యి క్లచ్ నొక్కి, పిడి తిప్పి గేరు మార్చింది. ఇప్పుడు అదే చోట బ్రేకు ఉంది. ముందు ఎద్దుల బండి కనబడగానే మీ మెదడు గేరు తగ్గించమంది, చెయ్యి క్లచ్ అనుకుని బ్రేకు నొక్కింది. పెట్రోలు అడుగంటితే చేతక్‌ను ఒక పక్కకు వంచి స్టార్ట్ చేసినవాళ్లు మీరు, ఈ అలవాటునూ వంచుతారు. పది రోజులు పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద నడపండి, ఎడమ చేతి నాలుగు వేళ్లనూ లివరు మీద కాకుండా పిడి చుట్టూ ఉంచండి. బ్రేకు అవసరమైనప్పుడే వేళ్లు చాచండి.

ఇంకో సంగతి, లైసెన్సు తీసి తేదీ చూసుకోండి. యాభై ఐదు దాటినవాళ్లకు ఇప్పుడు అయిదేళ్లకు ఒకసారి రెన్యువల్. మా అన్నయ్య తన కార్డును బీరువాలో పట్టు పంచెతో పాటు దాచి, అది చెల్లిపోయిన రెండేళ్లకు బయటికి తీశాడు.

*

నమస్తే మేడం. కల్వకుర్తిలో ఒకరు 2016 నాటి స్కూటర్ ముప్పై రెండు వేలకు ఇస్తామంటున్నారు. ఇరవై నాలుగు వేల కిలోమీటర్లే తిరిగిందట. తీసుకోవచ్చా?
డిగ్రీ విద్యార్థి, అచ్చంపేట

మొదట నెంబరు ప్లేటు మీద నెంబరు తీసుకుని ఆన్‌లైన్‌లో చలాన్లు ఎన్ని ఉన్నాయో చూడు బాబూ. అప్పు మీద కొన్న బండి అయితే ఆర్‌సీలో ఫైనాన్స్ వాళ్ల పేరు తొలగించారో లేదో చూడు. ఆర్‌సీ పదిహేనేళ్లు చెల్లుతుంది, అంటే 2031 దాకా. ఆపైన రెన్యువల్ ఖర్చు నీదే. ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని పేరు మార్పించుకున్నాకే మొత్తం డబ్బు ఇవ్వు.

ఇరవై నాలుగు వేలు అన్న మీటరును నమ్మకు. మీటరు తిప్పవచ్చు గానీ, ఎడమ వైపు ఫుట్‌బోర్డు మీద అరిగిన గీతల్ని తిప్పలేరు. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. ఇరవై నాలుగు వేలే తిరిగిన బండికి ఇప్పటికే రెండు జతల టైర్లు మారాయంటే ఎవరో అబద్ధం చెబుతున్నట్టే. బండి చూడడానికి వెళ్లగానే ఇంజను మీద చెయ్యి దగ్గరగా పెట్టి చూడు. వెచ్చగా ఉంటే నువ్వు వచ్చే ముందు స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. మర్నాడు పొద్దున వస్తానని చెప్పి, చల్లటి ఇంజనును నువ్వే స్టార్ట్ చెయ్యి. 2016 బండి కాబట్టి కార్బురేటర్ ఉంటుంది, ఒకటి రెండుసార్లు మొరాయించడం దోషం కాదు. కదిలేటప్పుడు వెనక నుంచి గరగర శబ్దం, వణుకు ఉంటే బెల్టు, క్లచ్ అరిగాయని లెక్క. ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడుగు. ఒక మెకానిక్‌ను వెంట తీసుకువెళ్లు. అమ్మేవాడు చెప్పిన మెకానిక్‌ను మాత్రం కాదు.

*

కొప్పు పెట్టుకుంటే హెల్మెట్ పట్టదు, హెల్మెట్ పెట్టుకుంటే పూలు నలిగిపోతాయి. ఏం చేయాలి అక్కా?
ఒక పాఠకురాలు, గద్వాల

జడ వేసి హెల్మెట్ పెట్టుకోండి, పూలు డిక్కీలో పెట్టుకుని దిగాక తురుముకోండి. నేను పదిహేడేళ్లుగా చేస్తున్నది అదే. హెల్మెట్ మీద ఐఎస్ఐ గుర్తు, దాని పక్కన ఐఎస్ 4151 అన్న అంకె ఉండాలి. రోడ్డు పక్కన గొడుగు కింద రెండు వందలకు అమ్మేది ఎండకు టోపీ. చున్నీని మాత్రం రెండు కొసలూ వెనక ముడివేసి లోపలికి దోపుకోండి. చక్రానికి పూలంటే పట్టింపు లేదు, చున్నీ అంటే ప్రాణం.

*

టీచరమ్మా, వచ్చే శనివారం కొత్త స్కూటర్ వస్తోంది. మొక్కు ఉంది, అదే రోజు మన్యంకొండకు తీసుకువెళ్లి పూజ చేయించాలి. నేనే నడపాలని అత్తమ్మ పట్టు. నేర్చుకుని రెండు వారాలైంది. భయంగా ఉంది.
మీ బడి విద్యార్థిని, మహబూబ్‌నగర్

నీ చేతిరాత గుర్తుపట్టాను. వారం కిందట నా ముందు యూ టర్న్ తీసుకోలేక దిగి బండిని తిప్పినదానివి నువ్వే కదా.

మొక్కు తీర్చుకో, కానీ ఘాట్ రోడ్డు మీద నడిపేది మీ ఆయన. ఎక్కడం పెద్ద కష్టం కాదు, దిగడం దగ్గరే సమస్య. గేర్లు ఉన్న బండి అయితే గేరు తగ్గిస్తే ఇంజనే పట్టి ఉంచుతుంది. మన స్కూటర్‌లో ఎక్సలరేటర్ పూర్తిగా వదిలేసి వేగం బాగా తగ్గితే క్లచ్ విడిపోతుంది, బండి ఇంజనుతో సంబంధం లేకుండా జారుతుంది. అప్పుడు కొత్తవాళ్లు కిందికి వచ్చేదాకా బ్రేకు నొక్కే ఉంచుతారు. డ్రమ్ము వేడెక్కి, చివరి మలుపు దగ్గరికి వచ్చేసరికి బ్రేకు మెత్తబడుతుంది. కొండ కింద దిగి, అత్తమ్మకు ఈ పేరా చదివి వినిపించు. నా పేరు చెప్పు, ఆమె కూతురికి పదో తరగతిలో ఫిజిక్స్ చెప్పింది నేనే.

నిమ్మకాయల మీద బండి ఎక్కించడం కూడా వేరేవాళ్లకు అప్పజెప్పు. ఆ సమయంలో చుట్టూ జనం, ముందు పూజారి, చేతిలో హారతి, చెయ్యి ఉండేది ఎక్సలరేటర్ మీద. కొబ్బరికాయ కొట్టాక పెంకు ముక్కలన్నీ ఏరించు, అవి టైరులో దిగుతాయి. మర్నాడు ఆదివారం పొద్దున ఆరింటికి వెంచర్ దగ్గరికి రా. బండి బొట్టు తుడవకుండా తీసుకురా, యూ టర్న్ ఇంకా బాకీ ఉంది.